చిన్న గిన్నె, పెద్ద గిన్నె

కిందటి వేసవిలో నేను, నా భార్య అమెరికాలో శాన్ హోసే నగరములో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాము. వెళ్ళిన మూడవ దినమే, అలవాటు కొద్దీ, నా సంచిలోని రక్తపుపోటు యంత్రము తీసి వాడి దండకు పట్టీ చుట్టాను. 148/94 చూపించింది. అయిదు నిమిషములు ఊరకే కూర్చోబెట్టి మరల చూసాను. 146/94. వాడి వయస్సు నలభై రెండు. ఆరు నెలల క్రితము చేయించుకున్న రక్తపరీక్షల ఫలితములు అడిగితే ఫోనులో చూపించాడు. మూడు నెలల చక్కెర సరాసరిని తెలిపే ఎ1సి విలువ 6.1 శాతము. అంటే మధుమేహము ఇంకా ఇంటిలోనికి రాలేదు గాని గుమ్మములో నిలబడి ఉన్నది.

“మధ్యాహ్నము ఏమి తింటున్నావురా?” అని అడిగాను.

“ఆఫీసు దగ్గర ఒక వియత్నాము, థాయ్ వంటల హోటలుంది నాన్నా. వారానికి మూడు నాలుగు సార్లు అక్కడే తింటాను. చవక. పది నిమిషాల్లో పని అయిపోతుంది” అన్నాడు.

దోషి దొరికినట్లే అనుకున్నాను. కాని రోగిని చూడకుండా మందు వ్రాయకూడదని విద్యార్థి దశలోనే నేర్పారు కదా! “రేపు మమ్మల్ని కూడా అక్కడికి తీసుకొని వెళ్ళు” అన్నాను. ఆ ఒక్క మధ్యాహ్నభోజనము వలన నేను తెలుసుకొన్న విషయములు, నా అభిప్రాయములు పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

ఆ హోటలు

అది పెద్ద హోటలు కాదు. వరుసగా ఉన్న చిన్న దుకాణములలో ఒకటి. ఇరవై బల్లలు ఉంటాయేమో. మేము వెళ్ళేసరికి పన్నెండున్నర. తలుపు బయట పదిమంది నిలబడి ఉన్నారు. బూట్లకు సిమెంటు అంటిన భవననిర్మాణ కార్మికులు, ఆసుపత్రి దుస్తులలోనే వచ్చిన నర్సులు, మెడలో గుర్తింపు కార్డులతో మా అబ్బాయి వంటి ఉద్యోగులు, చేతికర్రతో ఒక వృద్ధ వియత్నాము దంపతులు. లోపల కూర్చున్న అయిదారు నిమిషములకే ఆవిరులు కక్కుతూ గిన్నెలు వచ్చేస్తున్నాయి. ఒక గిన్నె వెల సుమారు పదిహేను డాలర్లు. ఆ నగరములో అది చవకే.

ఆ హోటలు అక్కడ ఎందుకు ఉన్నదో కొంత చెప్పాలి. 1975 ఏప్రిల్ 30న సైగాన్ నగరము ఉత్తర వియత్నాము సైన్యముల వశమయ్యాక, లక్షలమంది దేశము విడిచి శరణార్థులుగా వెళ్ళారు. వారిలో చాలామంది అమెరికా చేరారు. నేడు వియత్నాము వెలుపల ఒక్క నగరములో వియత్నాము సంతతి వారు అత్యధికముగా ఉన్నది శాన్ హోసేలోనే. వారి సంఖ్య లక్షకు పైమాటే. కట్టుబట్టలతో వచ్చినవారికి చేతిలో ఉన్న ఆస్తి వంట. తమవంటి శ్రామికులకు తక్కువ ధరలో కడుపు నింపడానికి పెట్టిన హోటళ్ళు ఇప్పుడు అన్ని జాతులవారికి మధ్యాహ్నభోజనశాలలు అయ్యాయి.

వారి ముఖ్యమైన వంటకము ‘ఫో’. ఇది హనోయ్, నామ్ దిన్ ప్రాంతములలో ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో రూపము దిద్దుకొన్న వంటకము. 1954లో దేశము రెండుగా విడిపోయినపుడు ఉత్తరాది నుంచి లక్షలమంది దక్షిణాదికి తరలిపోతూ దీనిని వెంట తీసుకొని వెళ్ళారు. 1975 తరువాత అది సముద్రములు దాటింది. ఎముకలను గంటల తరబడి మరిగించి, అందులో అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగములు, ధనియములు, కాల్చిన అల్లము, కాల్చిన ఉల్లిపాయ వేసి తీసిన చారు అది. దానిలో బియ్యపుపిండితో చేసిన నూడుల్సు, పలుచగా కోసిన మాంసము వేస్తారు. చారు వాసన తగలగానే నా భార్య “ఏమండీ, ఇది మన పలావు దినుసుల వాసనే” అన్నది. నిజమే.

తెలిసిన చుట్టములు

నేను కోడిమాంసపు ఫో, పెద్ద గిన్నె చెప్పాను. నా భార్య శాకాహారి. ఆమె సోయా పనీరుతో చేసిన చుట్టలు, పచ్చి బొప్పాయికాయ సలాదు తెప్పించుకొన్నది. మా అబ్బాయి ఎప్పటిలాగే ప్యాడ్ థాయ్, దానితో బాటు చల్లని థాయ్ తేనీరు చెప్పాడు.

నా గిన్నెతో బాటు వేరుగా ఒక పళ్ళెము వచ్చింది. దాని నిండా పెసరమొలకలు, తులసిజాతికి చెందిన ఒక సువాసన ఆకు, కొత్తిమీర, పచ్చిమిరపకాయ చక్రములు, నిమ్మచెక్కలు. ఆ ఆకు మన సబ్జాగింజల నిచ్చే మొక్కకు దగ్గర చుట్టము. ఆ పళ్ళెమునకు వేరే వెల లేదు. అయిపోతే ఇంకొకటి ఇస్తారు. నా అంచనాలో అందులో పచ్చి ఆకులు, మొలకలు కలిపి వంద గ్రాములకు తక్కువ ఉండవు. చుట్టలు కూడా అంతే. బియ్యపుపిండిని ఆవిరిపై పలుచని రేకులుగా చేసి, ఎండబెట్టి, తడిపి, వాటిలో పాలకూర వంటి సలాదు ఆకులు, పుదీనా, కీరదోస ముక్కలు, సోయా పనీరు పెట్టి చుట్టారు. ఆత్రేయపురము పూతరేకులలో చక్కెర, నెయ్యి బదులు ఆకుకూరలు పెట్టినట్లుంది. వీటిని నూనెలో వేయించరు.

బొప్పాయికాయ సలాదు థాయ్ వారిది. పచ్చి బొప్పాయి తురుము, వెల్లుల్లి, మిరపకాయలు, టమాటా, వేరుశనగపప్పు, నిమ్మరసము రోటిలో వేసి నలగ్గొడతారు. రోకలిచప్పుడు వంటగదిలో నుంచి వినిపించింది. మనకు రోటిపచ్చడి క్రొత్త కాదు. భేదము ఎక్కడంటే, మనము పచ్చడి వేలెడంత వేసుకొని అన్నము గిన్నెడు కలుపుతాము. వారు ఆ పచ్చడినే పళ్ళెము నిండా తింటారు.

మా అబ్బాయి పళ్ళెములో ప్యాడ్ థాయ్ చరిత్ర వేరు. ఇది బియ్యపు నూడుల్సును చింతపండు, చక్కెర, చేపల పులుసుతో వేయించి, గుడ్డు, మొలకలు, వేరుశనగపప్పు చేర్చిన వంటకము. 1930, 40 దశకములలో థాయిలాండును పాలించిన ప్రధానమంత్రి ప్లేక్ పిబున్ సొంగ్‌క్రామ్ కాలములో ప్రభుత్వమే దానిని జాతీయ వంటకముగా ప్రచారము చేసింది. వీధిబండ్లవారు నూడుల్సు అమ్మేటట్లు ప్రోత్సహించింది. ప్రభుత్వము పూనుకొంటే ప్రజల పళ్ళెములో మార్పు తేగలదు అనడానికి ఇది ఒక నిదర్శనము. ఈ సంగతికి చివరలో మరల వస్తాను.

ఒకే హోటలులో రెండు భోజనములు

ఇక వైద్యుని దృష్టితో చూద్దాము. అదే హోటలులో, దాదాపు అదే ధరకు, ఆరోగ్యమునకు మేలు చేసే భోజనము, కీడు చేసే భోజనము రెండూ దొరుకుతున్నాయి. మా అబ్బాయి మూడు సంవత్సరములుగా రెండవదానిని ఎన్నుకొంటున్నాడు. నేను కూడా ఆ దినము తెలియక కొంత తప్పు చేసాను.

మొదటి తప్పు ఉప్పు. ఈ రెండు దేశముల వంటలకు మూలాధారము చేపల పులుసు. చిన్న నెత్తళ్ళ వంటి చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవము అది. ఒక పెద్ద చెంచాడు చేపల పులుసులో సుమారు 1400 మిల్లీగ్రాముల సోడియము ఉంటుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దవారికి దినమంతటికి చెప్పిన పరిమితి 2000 మిల్లీగ్రాములు, అనగా అయిదు గ్రాముల ఉప్పు. ఫో గిన్నెలో ఒక్క పూటకే వెయ్యి మిల్లీగ్రాములు దాటడము సాధారణము. బల్లమీది సీసాలలో పులుసులు, సాసులు ఇంకా పోసుకొంటే లెక్క చెప్పనక్కరలేదు.

ఉప్పులో ఎక్కువభాగము చారులోనే ఉంటుంది. నేను రుచిగా ఉన్నదని పెద్ద గిన్నెడు చారు చుక్క మిగల్చకుండా త్రాగాను. నేను పదునాలుగు సంవత్సరములుగా రక్తపుపోటుకు మాత్రలు వేసుకొంటున్నాను. సాధారణముగా 130/80 దరిదాపులలో ఉండే నా పోటు మరునాడు ఉదయము 152/86 చూపించింది. వ్రేలి ఉంగరము బిగిసింది. ఒక్క కొలతతో ఏ నిర్ణయమునకు రాకూడదు. అయినా, కొన్ని వేలమందికి ఉప్పు తగ్గించమని చెప్పిన నోటితోనే ఆ చారు త్రాగానని సిగ్గుపడ్డాను.

రెండవ తప్పు చక్కెర. నారింజరంగులో అందముగా కనిపించే ఆ థాయ్ తేనీటిలో చక్కెర వేసినది చాలక, పైన తీపి చిక్కటి పాలు పోస్తారు. ఆ పాలు రెండు పెద్ద చెంచాలలోనే సుమారు 22 గ్రాముల చక్కెర ఉంటుంది. మా అబ్బాయి దానిని భోజనములో భాగముగా లెక్క పెట్టనే లేదు. “అది టీ కదా నాన్నా” అన్నాడు. వియత్నాము కాఫీ కూడా అటువంటిదే.

మూడవది పిండిపదార్థము. వండిన బియ్యపు నూడుల్సు ఒక కప్పులో 40 గ్రాములకు పైగా పిండిపదార్థములు ఉంటాయి. అన్నము కప్పులోనూ దాదాపు అంతే. పేరు మారినా బియ్యము బియ్యమే. అన్నము మాని నూడుల్సు తిని, “నేను అన్నము తినడము లేదు డాక్టరుగారూ” అని చెప్పే మధుమేహరోగులు ఈ సంగతి గ్రహించాలి.

నాలుగవది కొబ్బరిపాలు. థాయ్ కూరలలో నిమ్మగడ్డి, దుంపరాష్ట్రము, పచ్చిమిరప కలిసిన సువాసన అద్భుతముగా ఉంటుంది. కాని డబ్బాలో దొరికే చిక్కని కొబ్బరిపాలు ఒక కప్పులో 40 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వులు ఉంటాయి. కూర అంతా ఒక్కరే తినరు గనుక అంతా మన కడుపులోకి పోదు. అయినా గుండెజబ్బు ఉన్నవారు, రక్తములో చెడ్డ కొలెస్ట్రాలు ఎక్కువగా ఉన్నవారు దానిని వారమునకు మూడుసార్లు తినడము మంచిది కాదు.

మా అబ్బాయికి ఆ బల్ల దగ్గరే చెప్పాను. “హోటలు మార్చనక్కర లేదు. చెప్పే మాట మార్చు. చిన్న గిన్నె ఫో చెప్పు. ఆకుల పళ్ళెము పూర్తిగా తిను. చారు సగము వదిలెయ్యి. టీ బదులు మంచినీళ్ళు త్రాగు. లేకపోతే అమ్మ తిన్న చుట్టలు, సలాదు తిను. ముందు ఆకులు, మాంసము తిని తరువాత నూడుల్సు తింటే చక్కెర అంత వేగముగా పెరగదు. తిన్నాక పది నిమిషములు నడిచి ఆఫీసుకు వెళ్ళు.”

కొన్ని జాగ్రత్తలు

పాఠకులు తరచు అడిగే ప్రశ్న ఒకటి. “ఇటువంటి హోటళ్ళలో అజినొమోటో వేస్తారు కదా, అది విషము కాదా?” మోనోసోడియమ్ గ్లూటమేటును మనవారు ఆ పేరుతో పిలుస్తారు. 1908లో జపాను శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపునాచు నుంచి ఆ రుచికి మూలమైన గ్లూటమేటును వేరుచేసాడు. అదే గ్లూటమేటు టమాటాలలోనూ సహజముగా ఉంటుంది. 1968లో ఒక వైద్యపత్రికలో అచ్చయిన లేఖతో దానిపై భయము వ్యాపించింది. సాధారణముగా వాడే మోతాదులలో అది హాని చేస్తుందని తరువాతి పరిశోధనలలో ఋజువు కాలేదు. కొద్దిమందికి ఎక్కువ మోతాదులో తలనొప్పి వంటివి తాత్కాలికముగా కలుగవచ్చు. అజినొమోటోకు భయపడి ఉప్పును వదిలివేయడము పామును విడిచి తాడును కొట్టడమే.

మొలకలు తేమలో, వెచ్చదనములో పెరుగుతాయి గనుక వాటిలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి. వృద్ధులు, గర్భిణీస్త్రీలు, వ్యాధినిరోధకశక్తి తగ్గినవారు పచ్చిమొలకలు తినకూడదు. మరిగే నీటిలో ముంచి ఇమ్మంటే ఆ హోటళ్ళవారు మారు మాటాడకుండా ఇస్తారు. నేను అలాగే అడిగాను.

వేరుశనగ, రొయ్యలు పడనివారు ముందే గట్టిగా చెప్పాలి. ఈ వంటలలో అవి కంటికి కనిపించకుండా కూడా ఉంటాయి. శాకాహారులు మాంసము వద్దంటే చాలదు. చేపల పులుసు, రొయ్యల ముద్ద, ఎముకల చారు కూడా వద్దని చెప్పాలి. వియత్నాము బౌద్ధులు చాలామంది అమావాస్యకు, పున్నమికి మాంసము ముట్టరు. కనుక వారి భాషలో శాకాహారమునకు ‘చై’ అనే మాట ఉన్నది. ఆ ఒక్క మాట చాలు, వారికి అంతా బోధపడుతుంది. నా భార్యకు ఆ మాటతోనే పని జరిగింది. రక్తము గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను మాననక్కరలేదు. కాని ఒక దినము పళ్ళెము నిండా, మరియొక దినము శూన్యముగా కాక, ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు ఆ చారు త్రాగకపోవడమే మేలు.

నాకు జవాబు దొరకని ఒక ప్రశ్న

ఇంతవరకు చెప్పినది ఏ వైద్యుడైనా చెబుతాడు. ఆ హోటలులో నన్ను నిజముగా ఆలోచింపజేసినది వంటకము కాదు, గోడమీది ధరల పట్టిక. ప్రతి ఫోకు ఎదురుగా రెండు ధరలు ఉన్నాయి. చిన్న గిన్నెకు ఒక ధర, పెద్ద గిన్నెకు ఒక ధర. చిన్న గిన్నె రెండు డాలర్లు తక్కువ.

అది చూడగానే ఒక బస్సు డ్రైవరు జ్ఞాపకము వచ్చాడు.

ముప్పై సంవత్సరముల క్రితము నేను ఒక జిల్లా ఆసుపత్రిలో పని చేసే రోజులలో ఆయన నా దగ్గరకు వచ్చేవాడు. యాభై ఏళ్ళ మనిషి. మధుమేహము, రక్తపుపోటు రెండూ ఉండేవి. వారములో అయిదు దినములు మధ్యాహ్నభోజనము ఏదో ఒక ఊరి బస్టాండు దగ్గర. నేను ప్రతిసారి “అన్నము సగానికి తగ్గించు, కూరలు పెంచు” అని చెప్పి, చీటీ వ్రాసి పంపేవాడిని. ఒకనాడు ఆయన చేతులు కట్టుకొని నిలబడి, “అయ్యా, మీరు చెప్పేది బాగానే ఉంది. హోటల్లో భోజనం టిక్కెట్టు ఒకటే. సగం తిన్నా అదే డబ్బు, నిండా తిన్నా అదే డబ్బు. అన్నం ఎంతైనా వేస్తారు. కూర రెండోసారి అడిగితే మొహం చిట్లిస్తారు. డబ్బిచ్చి, విస్తట్లో అన్నం పారేసి లేవడానికి నాకు మనసొప్పదు. ఏం చెయ్యమంటారు?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. “ఎలాగో సర్దుకోవయ్యా” అన్నాను. వరుసలో ఇంకా వందమంది ఉన్నారు.

రెండు సంవత్సరముల తరువాత ఆయనకు పక్షవాతము వచ్చింది. కుడి చెయ్యి, మాట పోయాయి. దానికి హోటలు అన్నమే కారణమని నేను అనను. ఆయన చుట్టలు కాల్చేవాడు, మాత్రలు సరిగా వేసుకొనేవాడు కాదు. కాని ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. నేను ఇచ్చిన సలహా ఇంట్లో వండుకొని తినేవారికి పనికివచ్చే సలహా. ఆయనకు పనికివచ్చే సలహా ఇవ్వడానికి నేను ఒక్కసారైనా బస్టాండు హోటలులో కూర్చొని చూసి ఉండలేదు. ముప్పై సంవత్సరముల తరువాత, పరదేశములో, ఒక శరణార్థి హోటలు గోడమీద ఆ జవాబులో సగము కనిపించింది. తక్కువ తినేవాడు తక్కువ డబ్బు ఇస్తాడు. ఆకులు అడిగినవారికి మరల ఇస్తారు. అన్నానికి, అంటే అక్కడ నూడుల్సుకు, హద్దు ఉంటుంది. మన హోటళ్ళలో హద్దు కూరకు. అన్నానికి హద్దు లేదు.

తిరిగి వచ్చాక

ఆ మాట నా భార్యతో అంటే ఆమె ఊరుకోలేదు. “మన ఇళ్ళలో తోటకూర, గోంగూర, బచ్చలి, పొన్నగంటి లేవా? మా అమ్మ రోజుకొక ఆకుకూర వండేది. వాళ్ళ దగ్గర మనం క్రొత్తగా నేర్చుకోవాల్సిందేముంది?” అన్నది. ఆమె మాట నిజము. మన వంటలో లోపము లేదు. ఇంటిలోని ఆ ఆకుకూర బయటి భోజనములోనికి రాలేదు. అదే లోపము. నేడు బయట తినేవారు డ్రైవర్లు మాత్రమే కాదు. దుకాణములలో పనిచేసే అమ్మాయిలు, హాస్టలు పిల్లలు, ఇళ్ళకు సామాన్లు చేరవేసే కుర్రవాళ్ళు, ఉద్యోగులు అందరూ మధ్యాహ్నము బయటి అన్నము మీదే ఆధారపడుతున్నారు.

మన దేశములో 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము, 13 కోట్ల 60 లక్షలమందికి మధుమేహపు ముందుదశ ఉన్నాయని భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనము 2023లో వెల్లడించింది. పెద్దవారిలో నూటికి 35 మందికి రక్తపుపోటు ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, దినమునకు 2000 కాలరీలు అవసరమైన మనిషికి 250 గ్రాముల ధాన్యములు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉండాలని చెప్పింది. ధాన్యముల నుంచి వచ్చే శక్తి 45 శాతము మించకూడదని 2024లో విడుదల చేసిన మార్గదర్శకములలో ఉన్నది. మన హోటలు భోజనమును ఈ లెక్కతో తూచండి. అన్నము కొండ, కూర గరిటెడు, పక్కన అప్పడము, ఊరగాయ. ఉప్పు ఎంత ఉన్నదో ఆ దేవుడికే తెలియాలి.

ఊరికి తిరిగివచ్చాక మా వీధి చివర ఉన్న భోజనహోటలు యజమానిని కలిసి ఈ మాటే చెప్పాను. “సగము అన్నము, రెట్టింపు కూరతో తక్కువ ధరకు ఒక భోజనము పెట్టకూడదా?” అన్నాను. ఆయన నవ్వి, “డాక్టరుగారూ, అన్నం తగ్గిస్తే నాకు మిగిలేది కొన్ని రూపాయలే. కూరలు రెట్టింపు చేస్తే నాకు పోయేది అంతకన్నా ఎక్కువ. మీరు చెప్పినట్లు చేస్తే ధర పెంచాలి కాని తగ్గించలేను” అన్నాడు.

ఇది నాకు తెలియని వ్యాపారసూత్రము. బియ్యము చవక, కూరగాయలు ప్రియము. అందువలననే మన పళ్ళెములో అన్నము పెరిగి కూర తగ్గింది. ఇది తిండిపోతుతనము కాదు, ధరల లెక్క. శాన్ హోసే పట్టికను తెచ్చి ఇక్కడి గోడకు తగిలిస్తే సరిపోదని ఒప్పుకొన్నాను. చాలాసేపు మాట్లాడుకొన్నాక ఒక మధ్యేమార్గమునకు వచ్చాము. ధర మార్చనక్కర లేదు. రెండవసారి అన్నము వద్దన్నవారికి బదులుగా ఒక గరిటె కూర గాని, ఆకుకూర పప్పు గాని వేయడము. “రెండవ అన్నము వద్దంటే కూర” అని అట్టమీద వ్రాసి గోడకు పెట్టాడు. మొదటివారము దినమునకు నలుగురో అయిదుగురో అడిగారట. నెల తరువాత పది పన్నెండుమంది. “నష్టం లేదు, లాభం లేదు, పారేసే అన్నం తగ్గింది” అన్నాడు ఆయన. ఆ అట్ట ఇప్పటికీ ఉన్నది.

నా అభిప్రాయము

నగరప్రజల ఆరోగ్యము వైద్యుల గదులలో కంటె చవక భోజనశాలలలోనే ఎక్కువగా నిర్ణయమవుతుందని నేను ఇప్పుడు నమ్ముతున్నాను. వైద్యుడు రోగితో మూడు నెలలకు పది నిమిషములు మాట్లాడుతాడు. భోజనహోటలు రోజూ మాట్లాడుతుంది. ఐదు రూపాయలకు భోజనము పెట్టే ప్రభుత్వ భోజనశాలలు రెండు తెలుగు రాష్ట్రములలోను ఉన్నాయి. ఆకలి తీర్చే మంచి పని అది. ఆ పళ్ళెములో ఇంకొక గరిటె ఆకుకూర చేర్చడానికి అయ్యే ఖర్చు, ఆ తరువాత రక్తశుద్ధికి, పక్షవాతపు చికిత్సలకు అయ్యే ఖర్చుతో పోల్చదగినది కాదు. వీధిబండ్ల ద్వారా ఒక వంటకమును దేశమంతటా నిలబెట్టిన ప్రభుత్వము ఉన్నపుడు, ఒక గరిటె కూర చేర్చడము మనకు అసాధ్యము కాదు.

హోటలు యజమానులకు నా మనవి ఒక్కటే. అన్నము వద్దన్నవాడికి కూర ఇవ్వండి. తినేవారికి నా మనవి కూడా ఒక్కటే. అడగండి. అడగడము నామోషీ కాదు. తోటి వైద్యులకు ఒక మాట. రోగిని “ఏమి తింటున్నావు?” అని మాత్రమే అడగకండి. “ఎక్కడ తింటున్నావు? అక్కడ ఏమి దొరుకుతుంది? ఎంత పడుతుంది?” అని కూడా అడగండి. నేను అడగలేదు.

మా అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఇప్పటికీ ఆ హోటలుకే వెళుతున్నాడు. చిన్న గిన్నె తీసుకొంటున్నాడు, థాయ్ తేనీరు మానాడు. మూడు నెలలలో రెండు కిలోల బరువు తగ్గాడు. ఎ1సి 5.8కి దిగింది. రక్తపుపోటు మాత్రము 140 దగ్గరే ఆగిపోయింది. వాడి వైద్యుడు ఒక మాత్ర మొదలుపెట్టాడు. నేను సమర్థించాను. మంచి భోజనము మందు అవసరమును తగ్గిస్తుంది గాని, అవసరమైన మందును మాన్పించదు. మందులు వాడేవారు ఈ వ్యాసము చదివి తమంతట తాము వాటిని ఆపవద్దు.

మొన్న ఫోనులో “నాన్నా, ఆకుల పళ్ళెం రెండోది అడిగాను, ఇచ్చారు” అన్నాడు. ఆ డ్రైవరు ఈ మాట విని ఉంటే ఎంత బాగుండును అనిపించింది.